గ్లైడర్ క్రయ శాస్త్రం: చవక ప్రకరణం

శాస్త్రం రాయబూనినవాడు ముందుగా నాలుగు సంగతులు తేల్చాలని పూర్వులు కట్టడి చేశారు: విషయం ఏమిటి, ప్రయోజనం ఏమిటి, ఈ రెంటికీ సంబంధం ఏమిటి, చదవడానికి అధికారి ఎవడు. మా శాస్త్రానికి విషయం, కొండ అంచున నిలబడి రిమోటుతో ఎదురుగాలిలో తేల్చే ఇంజిను లేని చిన్న విమానాన్ని, అంటే వాలుగాలి గ్లైడర్‌ని, జేబుకు చిల్లు పడకుండా ఎంచుకోవడం. ప్రయోజనం ఏమీ లేదు. ఈ మాటను నూరు పుటల తర్వాత గానీ ఒప్పుకోని శాస్త్రాలు చాలా ఉన్నాయి. మేము మొదటి పేరాలోనే ఒప్పుకుంటున్నాం. సంబంధం అంటారా, డబ్బుకూ కొండకూ మధ్య ఎప్పుడూ ఉండేదే. ఇక అధికారి: మెడనొప్పి లేనివారు, ముళ్లకంపలోకి దిగడానికి వెనకాడనివారు, జనం చూస్తుండగా విరిగిన ముక్కలు ఏరుకోగలవారు. ఆడామగా, చిన్నాపెద్దా భేదం లేదు. బాగా డబ్బున్నవాడు మాత్రం అనధికారి. వాడికి వేరే ప్రకరణం ఉంది, వాడే ఎవరిచేతనో రాయించుకుంటాడు.

గురుపరంపర చెప్పని శాస్త్రాన్ని ఎవరూ నమ్మరు కనుక అదీ చెబుతాం. ఆదిగురువు జర్మనీవాడు, ఒట్టో లిలియెన్‌తాల్. దగ్గర్లో సరైన కొండ లేదని 1894లో బెర్లిన్ శివార్లలో 15 మీటర్ల ఎత్తు కొండనే కట్టించుకున్న ఘనుడు. తాను ఎగిరే గ్లైడర్లను తయారుచేసి బయటివాళ్లకు అమ్మినవాడూ ఆయనే, ఒక్కోటి 500 మార్కులకు. అంటే ‘అమ్మో, అంత ధరా!’ అన్న నిట్టూర్పు ఈ రంగంలో నూట ముప్పయ్యేళ్ల నాటిది. 1896 ఆగస్టులో గ్లైడర్‌తో సహా కూలి, మర్నాడు కన్నుమూశాడు. రిమోటు మహిమ తెలియడానికి ఈ ఒక్క వృత్తాంతం చాలు. ఇప్పుడు పడేది విమానం ఒక్కటే. పడేసినవాడు గట్టు మీద క్షేమంగా నిలబడి ‘గాలి సరిగ్గా లేదండీ’ అని చెప్పుకోవచ్చు.

రెండో గురువు ఆర్విల్ రైట్. ఇంజిను విమానం కనిపెట్టిన ఎనిమిదేళ్లకు మళ్లీ ఆ కిట్టీహాక్ ఇసుకదిబ్బల దగ్గరికే వెళ్లి, 1911 అక్టోబరు 24న ఇంజిను లేకుండా ఎదురుగాలిలో 9 నిమిషాల 45 సెకన్లు నిలిచాడు. దాదాపు పదేళ్లు ఆయన్ని దాటినవారు లేరు. దాటింది జర్మన్లే. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడాక వెర్సాయ్ సంధి వాళ్ల ఇంజిను విమానాలకు కళ్లెం వేసింది. కుర్రాళ్లు ఊరుకోలేదు, 1920లో రోన్ కొండల్లో, 950 మీటర్ల వాసర్‌కుప్పె మీద గ్లైడర్ పోటీలు మొదలుపెట్టారు. ఈ విద్య ఊపందుకున్నదే ఇంజిను లేని లోటులో. అలాంటి విద్యను ఇవాళ అప్పు చేసి నేర్చుకోవడం గురుద్రోహం కిందికే వస్తుందని మా నిశ్చితాభిప్రాయం.

ఇప్పుడు గాలి లెక్క. గాలి కొండను ఢీకొంటే ఎటు పోవాలి? కింద నేల, వెనక తోసుకొచ్చే గాలి, కాబట్టి పైకి. గంటకు 20 కిలోమీటర్ల గాలి అంటే సెకనుకు అయిదున్నర మీటర్లు. అది 20 డిగ్రీల వాలు ఎక్కితే, అందులో నిట్టనిలువుగా పైకిపోయే పాలు కాగితం మీద సెకనుకు రెండు మీటర్లకు కాస్త తక్కువ. మామూలు నురుగు గ్లైడర్ నిలకడ గాలిలో సెకనుకు ఇంచుమించు ముప్పావు మీటరు చొప్పున దిగుతుంది. రెండులోంచి ముప్పావు తీసేయగా మిగిలిందే మనకు పెట్టుబడి. నిజం కొండ మీద చెట్లూ రాళ్లూ తమ కమిషన్ తాము తీసుకుంటాయి గానీ, మిగులు మిగులే. గద్ద రెక్క ఆడించకుండా గంటలు గంటలు కొండ అంచున వేలాడేది ఈ మిగులు మీదే. ఈ ధర్మమంతా కొండకు ముందూ పైనా మాత్రమే చెల్లుతుంది. శిఖరం దాటి వెనక్కి పోతే గాలి సుళ్లు తిరుగుతూ కిందికి పడుతుంది, దానితో పాటు మీ ఆస్తీ పడుతుంది. అందుకే ఏ మలుపు తిప్పినా ముక్కు కొండకు దూరంగానే, అంటే గాలికి ఎదురుగానే తిప్పాలన్నది ఈ శాస్త్రంలో అపవాదం లేని ఏకైక సూత్రం. మిగతావన్నీ అపవాదాలే.

లక్షణ నిరూపణకు వద్దాం. చవక గ్లైడర్ అంటే ఏది?

‘ధర తక్కువైనదే చవక’ అని అంగడి మతం. ఇందులో అతివ్యాప్తి దోషం ఉంది: ఎగ్జిబిషన్ గ్రౌండు బయట గుత్తులుగా వేలాడదీసి అమ్మే థర్మోకోల్ విమానం కూడా చవకే అవుతుంది, అది రిమోటు ఎరగదు. అవ్యాప్తి కూడా ఉంది: రెట్టింపు ధరకు కొన్నా వంద దెబ్బలు తిని బతికేది ఈ లక్షణంలో ఇమడదు. ‘కొనగలిగినదే చవక’ అని ఉద్యోగుల మతం. ఇది ఒకటో తారీఖున ఒకలాగా, ఇరవై అయిదున మరొకలాగా ఉంటుంది. నెలలోనే మారిపోయేదాన్ని లక్షణం అనరు. మా సిద్ధాంతం ఇది: పొద్దున కొండకు కొట్టుకుని, అదే సాయంత్రం మళ్లీ ఎగరగలిగినది ఏదో, అదే చవక. కొన్న ధరా, బాగుచేతల ధరా కూడి, ఎన్నిసార్లు ఎగిరిందో దానితో భాగించండి. వచ్చేదే అసలు ధర. ఈ లెక్కలో ఒక భయంకరమైన సందర్భం ఉంది. అందంగా ఉందని, ఖరీదైనదని, గీత పడుతుందని పెట్టెలోంచి బయటికి తీయని గ్లైడర్ సున్నాసార్లు ఎగిరింది. ఏ సంఖ్యనైనా సున్నాతో భాగిస్తే వచ్చేదానికి భాస్కరాచార్యుడు ఖహరం అని పేరు పెట్టాడు. మన ఊళ్లలో అటకల మీద ఖహరాలు చాలానే ఉన్నాయి.

ద్రవ్య విచారణలో అన్నిటికంటే అధమం మామూలు థర్మోకోల్. వినాయక చవితి పందిరికీ, పెళ్లి స్టేజి మీద పేర్లు కోయడానికీ పనికొచ్చేది కొండరాయికి పనికిరాదు. విరిగాక ఫెవిక్విక్ రాశారో, అతుకు పడకపోగా చూస్తుండగానే అక్కడ గుంట పడుతుంది. జిగురు పదార్థాన్నే తినేస్తుంది. ఈపీవో అనే నురుగు ఇంతకంటే పెద్దింటి బిడ్డ. మల్టీప్లెక్స్ వారి ఈజీగ్లైడర్ లాంటివి ఈ జాతివే. ఇది ఫెవిక్విక్‌తో చక్కగా అతుక్కుంటుంది. ముక్కు సొట్టపోతే చికిత్స వంటింట్లోనే ఉంది. నీళ్లు బాగా మరగనిచ్చి, సొట్ట మీద గరిటెతో కొంచెం కొంచెంగా పోయండి. నలిగి చప్పిడైన నురుగు గింజలు ఒక్కొక్కటే ఉబ్బుకుంటూ పైకి లేవడం కళ్లారా కనిపిస్తుంది. పాత నునుపు మాత్రం రాదు. ముక్కు అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా మిగులుతుంది. అయినా ఎగురుతుంది, మనకు కావలసింది అదే.

ఉత్తమం ఈపీపీ. కార్ల బంపర్ల లోపల దెబ్బ కాచుకోవడానికి పెట్టే నురుగు ఇదే. దీన్ని నొక్కితే నొక్కుకుని మళ్లీ వచ్చేస్తుంది, గోడకేసి కొడితే ఎగిరి పడుతుంది. దీనితో చేసిన రెక్కకు లోపల కార్బన్ పుల్లలు, పైన గాజుదారాల టేపు, దాని మీద రంగు టేపు. అందం గురించి అడక్కండి. దగ్గర్నుంచి చూస్తే కొరియర్ పార్శిల్‌కు రెక్కలొచ్చినట్టే అనిపిస్తుంది. కానీ హైదరాబాద్ చుట్టుపక్కల గుట్టల మీద దిగాల్సి వస్తే, అక్కడ పచ్చిక బదులు ఏనుగంత నల్లరాళ్లు పరిచి ఉంటాయి కనుక, ఈపీపీ తప్ప గతి లేదు. బాల్సా చెక్కది మధ్యమం. బ్రిటన్‌లో క్రిస్ ఫాస్ రూపకల్పన చేసిన మిడిల్ ఫేజ్ లాంటి చెక్క గ్లైడర్లతో ఎందరో ఈ విద్య నేర్చారు. అక్కడ కొండల మీద మెత్తటి గడ్డి ఉంటుంది, శీతాకాలం రాత్రులు కూర్చుని అతికించుకునే ఓపికా ఉంటుంది. ఈ రెండూ ఉన్నవారికి చెక్కను మించినది లేదు. ఒక్కటే ఉన్నవారు ఆలోచించుకోవాలి.

ఆకార భేదాలు ప్రధానంగా రెండు: తోక ఉన్నది, లేనిది. పొడుగు రెక్కలు, తోక ఉన్న రెండు మీటర్ల జాతి మందగాలికి మంచిది. నెమ్మదిగా సాగుతుంది, కొత్తవాడికి ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. గాలి జోరు పెంచగానే మాత్రం ముందుకు సాగలేక వెనక్కి, ఆ సుళ్లలోకే, కొట్టుకుపోతుంది. తోక లేని ఉత్త రెక్క, అమెరికాలో 1990లలో జాగీ అనే పేరుతో వ్యాపించిన జాతి, ఇందుకు విరుద్ధం. ఇంచుమించు 1.2 మీటర్ల నురుగు రెక్క, దాని పలకలను కదిపే రెండు సర్వోలు, అంతే. విరగడానికి తోక లేదు, ఊడడానికి చక్రం లేదు. వీటిని కావాలని ఒకదానికొకటి గుద్దించుకునే ఆట కూడా ఉంది; గుద్దుకుని కిందపడినదాన్ని దులిపి మళ్లీ విసురుతారు. మా సిద్ధాంతానికి ఇంతకంటే ప్రత్యక్ష ప్రమాణం ఏం కావాలి? బరువు లెక్క కూడా చూద్దాం. 1.2 మీటర్ల పొడుగు, సగటున పావు మీటరు వెడల్పు, అంటే 30 చదరపు డెసీమీటర్ల రెక్క. మొత్తం బరువు 600 గ్రాములైతే చదరపు డెసీమీటరుకు 20 గ్రాములు. ఈ సంఖ్య ఎంత పెరిగితే వేగం అంత పెరుగుతుందని అనుకోకండి, వర్గమూలం చొప్పున పెరుగుతుంది. బరువు నాలుగింతలు చేస్తే వేగం రెండింతలు. కాబట్టి జోరుగాలి రోజుకు ఇంకో గ్లైడర్ అక్కర్లేదు, చేపల వలకు కట్టే సీసపు గుళ్లు చాలు, గురుత్వ కేంద్రం దగ్గర టేపు వేసి బిగిస్తే.

ఆ గురుత్వ కేంద్రమే కొత్తవారి కొంప ముంచేది. ముక్కు బరువైతే విమానం మొండికేస్తుంది, తోక బరువైతే వెర్రెక్కుతుంది. మొండిదాన్ని ఎలాగోలా ఎగరేయవచ్చు, వెర్రిదాన్ని ఏరుకోవాలి. తయారీదారు చెప్పిన చోట రెక్క అడుగున రెండు గుర్తులు పెట్టి, రెండు చూపుడు వేళ్ల కొసల మీద నిలబెట్టండి. ఫ్యాను ఆపాలి, ఈ పరీక్షలో తప్పే వారిలో సగం మంది ఫ్యాను వల్లే తప్పుతారని మా ఊహ. తోక వైపు వాలితే ముక్కులో బరువు కావాలి. దానికి ప్రత్యేకంగా తూకపు బిళ్లలు అమ్ముతారు, కొనకండి. పది రూపాయల నాణెం 7.7 గ్రాములు, మన దేశంలో ఎక్కడైనా దొరుకుతుంది, మూడు నాణేలు టేపు వేసి ముక్కులో పెడితే 23 గ్రాములు. గ్లైడర్ అమ్మేసే రోజున తీసి జేబులో వేసుకోవచ్చు. డబ్బు పోసిన చోటునుంచి డబ్బు తిరిగి వచ్చే సందర్భం ఈ క్రీడ మొత్తంలో ఇదొక్కటే.

రేడియో గురించి క్లుప్తంగా. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఆరు చానెళ్ల చవక ట్రాన్స్‌మిటర్, ఫ్లైస్కై ఎఫ్ఎస్-ఐ6 లాంటిది, చాలు. అందులో రెండు సర్వోలనూ కలిపి నడిపే మిక్సింగ్ ఉందో లేదో మాత్రం చూసుకోండి. తోక లేని రెక్కకు అదే తోక. తొమ్మిది గ్రాముల సర్వోలు వంద, నూటయాభైకి దొరుకుతాయి, వాటి ప్లాస్టిక్ పళ్లు ఒక్క దిగుడుకే అరిగి గరగరమంటాయి. ఇక్కడ ఇంకో వంద పెట్టి లోహపు పళ్లవి కొనమని చవక శాస్త్రమే ఆజ్ఞాపిస్తోంది. విరోధాభాసం అనుకోకండి.

ఇక్కడ శిష్యుడు ఒకడు లేచాడు. ‘గురువుగారూ, ముక్కుకు చిన్న మోటారున్నది కొంటే మంచిది కదండీ? గాలి ఆగిపోతే వెనక్కి తెచ్చుకోవచ్చు.’

‘ఎవరు చెప్పారు నాయనా?’

‘షాపాయన అండీ.’

‘షాపులో కొండ ఉందా?’

శిష్యుడు కూర్చున్నాడు గానీ పూర్వపక్షం కూర్చోలేదు. మోటారు, దాన్ని నడిపే స్పీడ్ కంట్రోలర్, పెద్ద లైపో బ్యాటరీ, దానికి వేరే చార్జరు, ముడుచుకునే పంకా, ఇవన్నీ కలిపితే గ్లైడర్ ధరంత మరో ధర. బరువు వేరు. గాలి మీద నమ్మకం లేకుండా గాలి విద్య నేర్చుకోవడం ఏం విద్యని శుద్ధవాదులు చిర్రుబుర్రులాడతారు. వారి మాటలో గౌరవం ఉంది, వారి కొండ కింద పచ్చిక మైదానం కూడా ఉంది. మా తీర్పు కొండను బట్టి. కింద పొలమో బీడో ఉంటే మోటారు దండగ, కాళ్లున్నాయి. కింద సముద్రమో, చెరువో, ఎవరి ప్రహరీగోడో ఉంటే మోటారు గ్లైడరే చవక. శిష్యుడు సగం నెగ్గాడు. ఆ సగాన్ని వాడికి చెప్పవద్దు.

దేశ నిర్ణయం. వేల్స్ ఉత్తర తీరంలో గ్రేట్ ఆర్మ్ అనే సున్నపురాయి కొండ, అమెరికాలో సాన్ డియెగో దగ్గర టారీ పైన్స్ సముద్రపు గట్టు ఈ విద్యకు క్షేత్రాలు. ఆ ప్రాంతాల్లో మనవాళ్లు ఉద్యోగాల మీద బోలెడుమంది ఉన్నారు. వారాంతపు బిర్యానీకి ముందు ఓసారి అంచుదాకా వెళ్లి చూడవచ్చు. మన దగ్గర తర్కశాస్త్రం సాయం తీసుకోవాలి. పొగ కనిపిస్తే కొండ మీద నిప్పుందని తార్కికులు ఊహిస్తారు. మేము గాలిమర కనిపిస్తే కొండ మీద గాలుందని ఊహిస్తాం. ఒకప్పటి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద ఆ మరలు ఊరికే నిలబెట్టలేదు. నైరుతి రుతుపవనం వచ్చిందంటే అక్కడ టోపీ నిలవదు. అయితే ఈ అనుమానంలో హేతువే ఆపద. మర తిరిగే చోట ఎగరేయకూడదు. దానికి దూరంగా, అదే గాలికి ఎదురైన మరో వాలు వెతుక్కోవాలి. విశాఖకు సముద్రాన్ని చూసే కొండలున్నాయి, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి వచ్చి నేరుగా తాకుతుంది, దేవుడు ఈ ఆట కోసమే చేసినట్టుంటుంది. అదే ఊళ్లో తూర్పు నౌకాదళం ఉంది, విమానాశ్రయమూ దాని స్థావరంలోనే ఉంది. 2021 డ్రోన్ నియమాల లెక్కన, నడుస్తున్న విమానాశ్రయం ప్రహరీకి 8 కిలోమీటర్ల లోపు అనుమతి లేనిదే ఏదీ లేపకూడదు. అనుమతుల లెక్కన ఏ చోటు ఏ రంగులో ఉందో ప్రభుత్వపు డిజిటల్ స్కై పటంలో చూసుకోవాలి. ఇంజిను లేనిది డ్రోను అవుతుందా కాదా అన్నది మంచి తర్కమే. పోలీసు స్టేషన్‌లో చేయదగిన తర్కం మాత్రం కాదు.

బండి సంగతి ఏ గ్రంథంలోనూ ఎందుకు రాయరో తెలియదు. మడత లేని 1.2 మీటర్ల రెక్కను స్కూటరు వెనక కూర్చున్నవారు అడ్డంగా పట్టుకుంటే, కొండ చేరకముందే ఎగరడం మొదలవుతుంది. నిలువుగా పట్టుకుంటే తెరచాప. మధ్యలో విడదీసుకునే రెక్క కొనండి, దానికి ఎక్కువ ఇవ్వాల్సి వచ్చినా. ఆటోకు ఇచ్చే డబ్బు నాలుగు ప్రయాణాల్లో ఆ తేడా తినేస్తుంది.

పాతది కొనేవారికి పరీక్షలు. సర్వో కర్రను వేలితో మెల్లగా తిప్పండి, మధ్యలో పట్టుకుని వదిలినట్టుంటే పన్ను పోయింది. రెక్క కొస నుంచి కొసకు ఒక కన్ను మూసి చూడండి. మెలిక తిరిగి ఉంటే అమ్మేవాడు ‘అది డిజైనే’ అంటాడు. అసలు పెట్టె ఉందా అని అడగండి. పెట్టె భద్రంగా ఉంటే ఖహరమన్నమాట; ఎగరలేదు, కాబట్టి దెబ్బలూ తినలేదు. ధర పదిశాతం తగ్గించి అడగడానికీ, లోలోపల సంతోషించడానికీ ఇదే అదను.

ఖరీదైనవాటిని నిందించకపోతే చవక శాస్త్రం పూర్తి కాదు. ఎఫ్3ఎఫ్ అని అంతర్జాతీయ పోటీ ఒకటుంది. వంద మీటర్ల దూరంలో రెండు గుర్తులు, వాటి మధ్య పదిసార్లు, అంటే ఒక కిలోమీటరు, ఎవడు త్వరగా తిప్పితే వాడే విజేత. గాలి సెకనుకు 3 మీటర్ల కంటే తక్కువైనా, 25 దాటినా పోటీ లేదు. ఈ పోటీలో వాడేవి అచ్చులో పోసిన కార్బన్ రెక్కలు, అద్దంలా మెరుస్తాయి, చేత్తో తట్టితే గంటలా పలుకుతాయి. ఇంకా ముదిరినవారు కొండ వెనక సుళ్లలోనే, మేము పైన నిషేధించిన చోటే, గుండ్రంగా తిప్పుతూ వేగం పెంచుతారు. కాలిఫోర్నియాలో పార్కర్ మౌంటెన్ దగ్గర 2021లో ఇంజిను లేని గ్లైడర్ గంటకు 880 కిలోమీటర్లు దాటింది. ప్రయాణికుల జెట్టు వేగం అది, టికెట్టు లేకుండా. అలాంటిది ఎదురైతే చేతులు కట్టుకుని చూడండి, యజమాని అనుమతిస్తే ఒకసారి ఎత్తి పట్టుకోండి, ధర మాత్రం అడక్కండి. విన్న ధర మనసులోంచి పోదు, ఇంటికొచ్చాక మీ నురుగు రెక్క మీ కంటికి ఆనదు.

విసిరే విధానం మరో ప్రకరణం విషయం. కొనేటప్పుడే తెలియాల్సిన ఒక్క ముక్క మాత్రం ఉంది. విమానం మీ వైపు వస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు ఆలోచించకండి, ఏ రెక్క కిందికి వంగిందో రిమోటు కర్ర ఆ వైపుకే నెట్టండి, లేస్తుంది. ఇది చేతికి అలవాటయ్యేలోగా ఎన్ని దెబ్బలు తింటుందో అన్నీ తట్టుకునేదే కొనండి.

ప్రాయశ్చిత్తం. ఈ శాస్త్రం చేతికి అందకముందే ఉత్సాహం కొద్దీ నాలుగు మీటర్ల కార్బన్ రెక్కల సుందరిని కొనేసినవారు చాంద్రాయణాలేమీ చేయనక్కర్లేదు. లోహపు పళ్ల సర్వోలు, రిసీవరు ఊడదీసి నురుగు రెక్కకు మార్చుకోండి. మిగిలిన అందాన్ని హాల్లో కప్పుకు రెండు కొక్కేలతో వేలాడదీయండి. వచ్చినవారు అడుగుతారు, చెప్పుకోవచ్చు. సీలింగ్ ఫ్యానుకు కనీసం రెండు మూరల దూరం ఉండాలి.